సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు దాని అడుగు చూడండి

బైకు కొత్తది కొనాలా, పాతది కొనాలా అన్నది తర్వాత. ఆ పాతబండి ఏ ఊళ్లో తిరిగిందో ముందు అడగండి. కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్ల ఉప్పుగాలికి ట్యాంకు పైన మెరుస్తూనే ఉంటుంది గానీ సైలెన్సర్ అడుగు, స్టాండు పిన్ను, స్పోకుల మొదళ్లు తుప్పు తినేస్తుంది. టార్చి వేసి ట్యాంకు లోపల కూడా చూడండి.

మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి. ముందే వేడెక్కించారంటే ఏదో దాస్తుండొచ్చు. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకపోతే ఇంజన్ లోపలి పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో పోయినట్టు. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. వరదలో మునిగిన బండి కావచ్చు. సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరిని నొక్కమని, గాల్లో లేచిన ముందు చక్రాన్ని హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. నడిమధ్యలో టక్కుమని పట్టేస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు) అరిగింది. అది చిన్న ఖర్చే, బేరంలో తగ్గించుకోవచ్చు. ఛాసిస్ (బండి ఫ్రేము) వంగితే మాత్రం ఎంత చవకైనా వద్దు.

బీఎస్6 బండైతే (కొత్త పొగ నిబంధనలతో 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవి) తాళం తిప్పగానే పసుపు ఇంజన్ లైటు వెలిగి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అనుమానించండి.

బండి మీ పేరుకు మారడానికి ఫారం 29, 30 సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చెప్పే ఫారం 35 తప్పనిసరి. ఒడిశా నంబరైతే అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

రోజూ శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా అంత దూరం వెళ్లి రావాలంటే మాత్రం కొత్తదే కొనండి.