పెద్దవాళ్ళు అడిగితే బదులు చెప్పాలి

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే వెంటనే బదులు చెప్పాలి. నోరు మెదపకుండా నిలబడితే పొగరు కింద లెక్క. నేను అలాగే పెరిగాను. డాలస్ దగ్గర మా ఇద్దరు పిల్లల్నీ అలాగే పెంచాను. గుడిలో పంతులుగారితోనూ, పక్కింటి ముసలాయనతోనూ మావాడు ఎంత మర్యాదగా మాట్లాడతాడో ఎవరైనా చెబితే నా కడుపు నిండిపోయేది.

రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం రాత్రి ఆ మర్యాదే వాడి మెడకు చుట్టుకుంది.

అప్పటికి వాడికి 17 ఏళ్ళు. స్నేహితుడి కారులో వెనక సీట్లో ఉన్నాడు. వెనక లైటు ఒకటి వెలగడం లేదని పోలీసు ఆపాడు. కారు వెతకనా అని అడిగితే నడిపే అబ్బాయి సరేనన్నాడు. ముందు సీటు వెనక ఉండే సంచిలో ఒక వేప్ పెన్ (ఆవిరి పీల్చే పెన్నులాంటి గొట్టం) దొరికింది, దానికి బిగించిన చిన్న కార్ట్రిడ్జ్‌తో సహా. అందులో ఉన్నది గంజాయి నూనె.

పోలీసు ఒంటికి పెట్టుకున్న కెమెరా వీడియోని తర్వాత లాయరు ఆఫీసులో చూశాను. రోడ్డు పక్కన మావాడు చేతులు ముందుకు కట్టుకుని, తల కొంచెం వంచి నిలబడ్డాడు. వాళ్ళ తాతగారి ముందు నిలబడేది అచ్చం అలాగే. "ఇది ఎవరిది?" "తెలీదు సర్." "నువ్వెప్పుడూ తాగలేదా?" ఒక్క క్షణం ఆగి, "రెండుసార్లు తాగాను సర్, కానీ ఇది నాది కాదు సర్." "ఫోన్ చూడొచ్చా?" "ఎస్ సర్." పాస్‌కోడ్ కూడా వాడే చెప్పాడు. నేను పక్కన లేకపోయినా, నేను నేర్పిందే చేశాడు.

సినిమాల్లో బేడీలు వేస్తూ "నువ్వు మౌనంగా ఉండొచ్చు" అని చదువుతారు కదా, మావాడికి ఎవరూ చదవలేదేమని లాయర్ని అడిగాను. 1966లో మిరాండా కేసులో సుప్రీంకోర్టు పెట్టిన ఆ నియమం, మనిషిని కస్టడీలోకి తీసుకుని ప్రశ్నించేటప్పుడే వర్తిస్తుందట. మామూలుగా రోడ్డు మీద కారు ఆపి నాలుగు ప్రశ్నలు అడగడం కస్టడీ కిందికి రాదని 1984లో అదే కోర్టు చెప్పింది. అంటే ఆ హెచ్చరిక వినపడకముందే పిల్లవాడు అనాల్సినవన్నీ అనేస్తాడు, అవన్నీ రికార్డులోకి వెళ్ళిపోతాయి. ఫోన్ సంగతీ అంతే. అరెస్టు చేసినా సరే, ఫోన్‌లో వెతకాలంటే వారంట్ కావాలని 2014లో తీర్పు వచ్చింది. కానీ మనంతట మనమే "చూసుకోండి" అంటే వారంట్‌తో పని లేదు. వద్దనే హక్కు నీకుందని పోలీసు ముందుగా చెప్పాల్సిన పని కూడా లేదు.

టెక్సాస్ గురించి ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి, నాకూ తెలియలేదు. ఒకటి, 17 నిండితే నేరచట్టం దృష్టిలో పెద్దవాడే. ఓటు హక్కు రాదు, కోర్టు మాత్రం పెద్దల కోర్టే. రెండోది, ఆకు రూపంలో గంజాయి రెండు ఔన్సుల లోపు దొరికితే మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. అదే కార్ట్రిడ్జ్‌లోని నూనె అయితే ఒక గ్రాము కూడా లేకపోయినా ఫెలనీ, అంటే పెద్ద నేరం. 180 రోజుల నుంచి రెండేళ్ళ దాకా జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. పక్క రాష్ట్రాల్లో దుకాణాల్లో అమ్ముతున్నారు కదా అని పిల్లలు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక జైలు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే ముందుగా ఒక యంత్రం గొంతు, ఈ కాల్ రికార్డు అవుతోందని. ఆ మాట నా చెవిలో పడింది, బుర్రలోకి ఎక్కలేదు. ఆ తర్వాత "అమ్మా" అన్నాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "నిజం చెప్పు, తాగావా లేదా?" వాడు ఏడుస్తూ చెప్పాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్నీ చెప్పించాను. "వాళ్ళకి కూడా ఉన్నదున్నట్టు చెప్పేయి నాన్నా, పెద్దవాళ్ళు కదా, అర్థం చేసుకుంటారు" అన్నాను. దేవుడి దయవల్ల వాళ్ళు ఆ రాత్రి ఇంకేమీ అడగలేదు. తెలుగులో మాట్లాడాం కదా, ఎవరికి అర్థమవుతుందిలే అనుకోకండి. అనువదించేవాళ్ళు ఉంటారు. జైలు నుంచి వచ్చిన ఫోన్‌లో తల్లి అడగాల్సినవి మూడే: దెబ్బలేమైనా తగిలాయా, ఎక్కడున్నావు, రోజూ వేసుకునే మందులు కావాలా. "ఏం జరిగిందో నాతో కూడా చెప్పకు, లాయరు వస్తున్నారు" అని పెట్టేయాలి. తల్లిగా అది ఎంత కష్టమో నాకు తెలుసు.

పొద్దున్నే మేజిస్ట్రేట్ ముందు పెట్టారు. టెక్సాస్‌లో అరెస్టయిన 48 గంటల లోపు పెట్టాలి. అక్కడ ఆరోపణ ఏంటో, హక్కులేంటో చదివి బెయిల్ చెప్తారు. మొత్తం కోర్టులో కట్టే స్తోమత ఉంటే కేసయ్యాక తిరిగి వస్తుంది. లేక మన తరఫున పూచీగా బాండ్ ఇచ్చేవాళ్ళ దగ్గరికెళ్తే సాధారణంగా 10 శాతం చుట్టూ తీసుకుంటారు, అది మళ్ళీ రాదు.

ఇక లాయరు. మనవాళ్ళలో ఎవరిని అడిగినా చటుక్కున ఒక పేరు చెప్తారు. అది హెచ్-1బి కాగితాలు చూసే లాయరు పేరు. క్రిమినల్ కేసులు వేరే విద్య. మావారికి తెలిసినాయన ఒకరు, "జడ్జిగారి దగ్గర మనకి మాట ఉంది, కొట్టేయిస్తా" అనే మనిషి నంబరు ఇచ్చారు. ఆ టెన్షన్‌లో మావారు చెక్కు రాసేవారే. నేనే పట్టుబట్టి ఇంకో ఇద్దర్ని కలుద్దామన్నాను. ఫలితం ఇలా వస్తుందని మాట ఇచ్చే లాయరు దగ్గర్నుంచి లేచి వచ్చేయాలని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. కేసు గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందం క్రిమినల్ కేసుల్లో నిషిద్ధం కూడా.

మేము చివరికి పెట్టుకున్నావిడ మొదటి సమావేశంలో చాలాసేపు మాకు ప్రశ్నలే వేసింది. మేమూ అడిగాం. ఈ కౌంటీ కోర్టులో ఎన్నాళ్ళుగా కేసులు వాదిస్తున్నారు, కోర్టుకి మీరొస్తారా జూనియర్ వస్తారా, ఈ ఫీజు ఎక్కడిదాకా? ఆ ఆఖరి ప్రశ్న ముఖ్యం. కొందరు చార్జ్ పడేదాకా ఒక మొత్తం, విచారణకు వెళ్తే ఇంకో మొత్తం అంటారు. అదంతా కాగితం మీద ఉండాలి. లైసెన్సు ఉందా, ఏవైనా క్రమశిక్షణ చర్యలు జరిగాయా అన్నది టెక్సాస్ స్టేట్ బార్ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. క్రిమినల్ లాలో బోర్డ్ సర్టిఫికేషన్, అంటే నిపుణులన్న గుర్తింపు, ఉంటే ఇంకా నయం. డబ్బు లేనివాళ్ళు భయపడక్కర్లేదు. 1963లో గిడియన్ అనే పేద ఖైదీ ఫ్లోరిడా జైలు నుంచి పెన్సిల్‌తో రాసిన అర్జీ మీదే, లాయర్ని పెట్టుకోలేనివాళ్ళకి ప్రభుత్వమే లాయర్ని ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. అలా వచ్చే పబ్లిక్ డిఫెండర్లు రోజూ అదే కోర్టులో, అవే కేసుల్లో నలిగినవాళ్ళు. వాళ్ళని తక్కువగా చూడటం పెద్ద పొరపాటు.

ఆ సమావేశంలోనే ఆవిడ, "ఇప్పుడు మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి" అంది. నాకు అర్థం కాలేదు. డబ్బు కట్టేది మేము, కన్నది నేను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: ఫీజు ఎవరు కట్టినా నా క్లయింటు మీ అబ్బాయే. లాయరుకీ క్లయింటుకీ మధ్య మాటలకి చట్టం రక్షణ ఇస్తుంది. గదిలో మూడో మనిషి ఉంటే ఆ రక్షణ పోవచ్చు. తల్లీబిడ్డల మాటలకి టెక్సాస్‌లో అసలు అలాంటి రక్షణే లేదు, రేపు ప్రాసిక్యూటరు మిమ్మల్నే సాక్షిగా పిలవొచ్చు. బయట కుర్చీలో నలభై నిమిషాలు కూర్చున్నాను. తలుపు అద్దంలోంచి వాడి వీపు కనిపిస్తోంది. మధ్యలో ఒకసారి భుజాలు కదిలాయి. లేచి వెళ్ళబోతే మావారు నా చెయ్యి పట్టుకున్నారు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది వీసా. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, అమెరికా పౌరురాలు. మావాడు నాలుగేళ్ళప్పుడు వచ్చాడు. మేమింకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నాం కాబట్టి వాడిది హెచ్-4, అంటే హెచ్-1బి వాళ్ళ పిల్లలకిచ్చే వీసా. ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే కంచంలో తిన్నారు. అదే తప్పు ఆ పిల్ల చేస్తే కోర్టుతో పోతుంది, వీడికి దేశమే పోవచ్చు. మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడితే పౌరులు కానివాళ్ళని పంపించేయొచ్చు. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయి, అదీ ఒక్కసారి అయితేనే ఆ చట్టంలో మినహాయింపు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. రాష్ట్రం గంజాయిని చట్టబద్ధం చేసినా ఇమిగ్రేషన్ చూసేది ఫెడరల్ చట్టాన్నే. అరెస్టుతోనే పాస్‌పోర్టులోని వీసా స్టాంపు రద్దు చేసే అధికారం కూడా అమెరికా విదేశాంగ శాఖకుంది. ఆ ఏడాది మా మామగారి సంవత్సరీకానికి మావారొక్కరే వెళ్ళారు. అబ్బాయిని ఎందుకు తీసుకురాలేదని అత్తగారు అడిగితే పరీక్షలన్నారు.

మూడో నెలలో ప్రాసిక్యూటరు నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటారు. నేరం ఒప్పుకుంటే జడ్జి దోషి అని ప్రకటించరు, కొంతకాలం ప్రొబేషన్ (కోర్టు షరతుల కింద పర్యవేక్షణ) సవ్యంగా గడిపితే కేసు కొట్టేస్తారు. కారు నడిపిన అబ్బాయి తీసుకున్నాడు, వాడు పౌరుడు, వాడికది మంచి బేరమే. మాకూ ప్రాణం లేచొచ్చింది. మా లాయరు మాత్రం సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్ని ఫోన్‌లోకి తీసుకుంది. 1996 చట్టం ప్రకారం నేరం ఒప్పుకుని, దాని మీద ఏ చిన్న షరతు పెట్టించుకున్నా ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్షే. టెక్సాస్ కోర్టు శిక్ష కాదన్నా సరే. ఏమీ ఒప్పుకోకుండా, విచారణకు ముందే కేసుని పక్కకు తప్పించే ప్రీట్రయల్ డైవర్షన్ వేరు, అందులో కూడా ఒప్పుకోలు కాగితం ఏదైనా ఉందేమో చూసుకోవాలి.

ఆవిడ పడిల్లా అనే ఆయన కేసు చెప్పింది. 40 ఏళ్ళు ఇక్కడున్న గ్రీన్‌కార్డు మనిషి, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు. గంజాయి రవాణా కేసులో నేరం ఒప్పుకో, ఇన్నేళ్ళుగా ఉన్నావు కాబట్టి ఏం కాదని లాయరు చెబితే ఒప్పుకున్నాడు. తీరా దేశం నుంచి పంపించే ప్రమాదం వచ్చిపడింది. ఆ కేసులోనే 2010లో సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకోమనే ముందు ఇమిగ్రేషన్ ఫలితం చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అంది. పౌరసత్వం లేని పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇది తెలియాలి. మొదటి రోజే లాయరుకి వీసా స్థితి చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

మేము ఒప్పుకోలేదు. ఆ తర్వాత నెలలు ఎలా గడిచాయో రాయాలని లేదు. లాయరు చేసిన పని మాత్రం చెప్పాలి. 2019లో టెక్సాస్ హెంప్ (మత్తు లేని గంజాయి జాతి మొక్క) చట్టం మార్చాక, మత్తునిచ్చే డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటితేనే అది నేరం కాబట్టి ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆవిడ కదల్లేదు. రిపోర్టు మాకు అనుకూలంగా రాలేదు. ఇక మిగిలింది ఒక్కటే. వస్తువు కారులో ఉన్నంత మాత్రాన అందరిదీ అయిపోదు, అది అక్కడుందని తెలిసి, దాని మీద అదుపు ఉందని చూపించాలి. టెక్సాస్‌లో ఫెలనీ కేసు గ్రాండ్ జ్యూరీ, అంటే చార్జ్ పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం, ముందుకెళ్ళాలి. వాడి ఫోన్‌లో ఆ పెన్ గురించి ఒక్క మెసేజ్ కూడా లేదని, దాని మీద వాడి వేలిముద్ర ఉందని ఎక్కడా నిరూపించలేదని, టీచర్లు రాసిన ఉత్తరాలతో కలిపి ఒక ఫైలు తయారుచేసి పంపింది. గ్రాండ్ జ్యూరీ 'నో బిల్' ఇచ్చింది. చార్జ్ పెట్టడానికి చాలినంత ఆధారం లేదని దానర్థం.

మా అమ్మాయికి ఇప్పుడు 14. పోయిన నెల భోజనాల దగ్గర వాళ్ళన్నే దానికి నేర్పించాడు. పేరు అడిగితే చెప్పు. అబద్ధం ఎప్పుడూ చెప్పకు. పరిగెత్తకు, చెయ్యి విదిలించకు. వెతకొచ్చా అంటే "నో సర్, ఐ డోంట్ కన్సెంట్." ఇంకేది అడిగినా "ఐ వాంట్ ఎ లాయర్." అది వాళ్ళ నాన్న పోలీసు వేషంలో ప్రశ్న వేస్తే అలవాటుగా మెత్తగా, "మేబీ ఐ షుడ్ టాక్ టు ఎ లాయర్?" అంది. మావాడు టేబుల్ మీద చెయ్యి పెట్టి ఆపాడు. అచ్చంగా ఆ మాటే అన్న ఒకతని కేసులో, అది లాయర్ని అడిగినట్టు కాదని 1994లో కోర్టు చెప్పింది. ఊరికే నోరు మూసుకుని కూర్చున్నా చాలదు, మౌనంగా ఉంటున్నానని చెప్పి మరీ ఊరుకోవాలి. "మేబీ తీసేయ్. సారీ తీసేయ్. మళ్ళీ చెప్పు" అన్నాడు. మూడోసారికి చెప్పింది, తలెత్తి.

నో బిల్ కాగితాన్ని కోర్టు ముద్రతో నాలుగు కాపీలు తీయించాం. రికార్డు చెరిపించే అర్జీ పెట్టినా సరే, ఎప్పుడైనా అరెస్టయ్యావా అని ఇమిగ్రేషన్ ఫారాలు జీవితాంతం అడుగుతూనే ఉంటాయి. వాడు అవును అనే రాయాలి, ఈ కాగితం జతపరచాలి. నీలం రంగు ఫైల్లో వాడి బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు వెనకాల పెట్టాను. ఆ గదిలో నలభై నిమిషాలు ఏం చెప్పాడో మాత్రం నేనింతవరకు అడగలేదు.