ఆల్చిప్పలు చేపల రోగాలను ఆపుతాయా, మోస్తాయా?

సాల్మన్ చేపలను పెంచే వలపంజరాల పక్కన తాళ్లకు ఆల్చిప్పలను, సముద్రపు నాచును కూడా పెంచితే, చేపలు తినకుండా వదిలిన మేత తునకలూ వాటి మలమూ ఆల్చిప్పలకు ఆహారమవుతాయనీ, నీటిలో కరిగిన నత్రజని నాచుకు ఎరువవుతుందనీ మిశ్రమ పెంపకాన్ని సమర్థించేవారు చెబుతారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. అయితే నీటిని వడపోసే ఆల్చిప్ప రోగకారకాలను కూడా వడపోసి చేపలను కాపాడుతుందన్న మాటను మాత్రం ఒక్కో రోగకారకం విషయంలో విడిగా పరీక్షించవలసిందే తప్ప, గంపగుత్తగా ఒప్పుకోలేను.

ఇలా పెంచే ఆల్చిప్పల్లో ఒక రకమైన నీలి మసెల్ మొప్పలు దాదాపు 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన రేణువులను చాలావరకు పట్టుకుంటాయి. 1 మైక్రాన్ పరిమాణంలో విడిగా తిరిగే బాక్టీరియాలో ఎక్కువ భాగం వాటికి దొరకదు, వైరస్ అంతకన్నా ఎన్నో రెట్లు చిన్నది. కానీ చేపల పంజరం చుట్టూ ఉన్న నీటిలో ఇవి మలపు తునకలకు, జిగురు ముద్దలకు అంటుకుని తిరుగుతాయి కాబట్టి, ఆ ముద్దలతోపాటు ఆల్చిప్ప కడుపులోకి చేరిపోతాయి. అసలు ప్రశ్న ఆ తరువాత మొదలవుతుంది: లోపలికి వెళ్లినది చచ్చిందా, బతికే ఉందా?

సాల్మన్‌కు రక్తహీనత కలిగించే ఐఎస్‌ఏ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది. ప్రయోగాలలో మసెల్ దీనిని లోపలికి తీసుకున్నా, అది త్వరగా నిర్వీర్యమైంది. ఈ వైరస్‌కు మసెల్ స్థావరమన్న అనుమానానికి బలం దొరకలేదు. క్లోమాన్ని దెబ్బతీసే ఐపీఎన్ వైరస్ సంగతి వేరు. దానికి అటువంటి పొర లేదు, బయటి వాతావరణాన్ని మొండిగా తట్టుకుంటుంది. అది మసెల్ జీర్ణగ్రంథిలో పోగుపడి మలంలో బయటకు వచ్చింది. అటువంటి మసెల్‌లతో కలిపి ఉంచిన సాల్మన్‌లకు, తక్కువ స్థాయిలోనే అయినా, సోకింది. ఒకే ఆల్చిప్ప ఒక వైరస్‌కు సమాధి, మరొకదానికి సత్రం అయిందన్నమాట.

విబ్రియో ఆంగ్విల్లారం అనే బాక్టీరియాపై జరిగిన పరిశీలన నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. మసెల్ దానిని నీటిలోనుంచి తొలగించిన మాట నిజమే కానీ, మలంలో బతికున్న బాక్టీరియాను విడిచింది, ఆ మలం కాడ్ చేపలకు రోగం తెచ్చింది. విడిగా తేలే సూక్ష్మజీవి ఇప్పుడు బరువైన ముద్దలో చేరి అడుగుకు దిగుతుంది గనుక, పైనున్న చేపకు ముప్పు తగ్గవచ్చు, అడుగున మేసే జీవికి పెరగవచ్చు. నీటిలో బాక్టీరియా తగ్గిందని చూపే కొలత ఒక్కటే చాలదని నేననేది ఇందుకే.

చేప ఒంటికి అంటుకుని బతికే సాల్మన్ పేను లార్వాలను మసెల్ మింగుతుందని ప్రయోగశాలలో తేలింది. తొట్టిలో లార్వాకు తప్పించుకునే దారి లేదు, సముద్రంలో ప్రవాహం దానిని తాళ్లకు దూరంగా కూడా తీసుకుపోతుంది. కాబట్టి మసెల్ పేనును తగ్గిస్తుందన్న ఆశను నేను పరిమితంగానే ఉంచుకుంటాను.

ఆచరణలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది విరామకాలం. రోగచక్రాన్ని తెంచడానికి పెంపకందారులు ఒక తరం చేపలను పూర్తిగా తీసేసి, ఆ చోటును కొంతకాలం ఖాళీగా ఉంచుతారు. పక్క తాళ్లపై అమ్మకానికి ఎదగని మసెల్‌లు మిగిలే ఉంటే ఆ చోటు నిజంగా ఖాళీ అయినట్టు కాదు, ముఖ్యంగా పోయిన తరంలో ఐపీఎన్ కనిపించి ఉంటే. అటువంటి చోట మసెల్ కోతను చేపల పట్టుబడితో జత చేయడమో, కొత్త చేపపిల్లలను దింపేముందు మసెల్ జీర్ణగ్రంథిని పరీక్షించడమో అవసరం. మసెల్ పిల్లలను ఒక అఖాతం నుంచి మరొకదానికి తరలించేటప్పుడు కూడా, వాటి సొంత రోగాలతో ఆపకుండా, అవి మోస్తున్న చేపల వైరస్‌ల కోసం కూడా వెతకాలి.