కింద స్టెప్నీ, నాలుగో ప్రయత్నం: దొంగ దొరికింది

దొరికింది! మూడు వారాలుగా వెంటాడుతున్న ఆ 'దబ్' శబ్దం ఎక్కడిదో నిన్న రాత్రి బండి కింద పడుకుని ఉండగా తెలిసింది. బండి కింద బిగించిన పెద్ద సైజు స్టెప్నీ ఇంకా కుదురుకోలేదు. కానీ ఎందుకు కుదురుకోవడం లేదో ఇప్పుడు మిల్లీమీటర్లతో సహా తెలుసు. ఆ ఆనందంలోనే ఇది రాస్తున్నాను.

మొదటి నుంచీ నా పట్టుదల ఒకటే. నాలుగు చక్రాలకూ 285/70 ఆర్17 వేశాక ఐదోది కూడా అదే సైజు ఉండాలి, అదీ వెనక ఛాసిస్ కింద, పాతది ఉన్న చోటే ఉండాలి. పాత 265/65 ఆర్17 వ్యాసం 776 మి.మీ., కొత్తదాని వ్యాసం 831. పంక్చరైన రోజు పాతదాన్ని వేసుకుంటే ఒకే యాక్సిల్ మీద రెండు చక్రాలకీ దాదాపు 6.5 శాతం తేడా. యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్ (డిఫ్), ఆ తేడాని దారి పొడవునా సర్దుకుంటూ తిరగాలి, రెండు చక్రాలనీ ఒకే వేగంతో తిప్పే లాకర్ వేస్తే ఇంకా ఘోరం. 'స్టెప్నీయే కదా, పాతది ఉంచేసుకో' అనే సలహా నాకు మింగుడుపడనిది అందుకే. వెనక డోరుకి తగిలిస్తే డోరు కీళ్ల మీద భారం. రూఫ్ మీదంటే రిమ్‌తో కలిపి 39 కిలోలు, నేనే తూచాను. పక్కవాలు దారిలో అంత బరువు నెత్తిన పెట్టుకుని వెళ్లడం నాకు ఇష్టం లేదు.

కుదిరినవి చెప్పేస్తాను. సైలెన్సర్ చివరి గొట్టం పక్కకు తిప్పించాక టైరుకి తగలడం లేదు. స్టెప్నీని పైకి లాగి పట్టే వించ్ కేబుల్‌కి తోడుగా వేసిన రాట్చెట్ బెల్టు బాగుంది, అది ఉంచేస్తాను.

ఇక కుదరనిది. ఇంట్లో బిగిస్తే బ్రహ్మాండంగా బిగుసుకుంటుంది. వించ్ లోపలి క్లచ్ టక్కుమని జారేదాకా దాన్ని తిప్పి, టైరుని రెండు చేతులతో ఊపినా కదలదు. రాళ్ల దారిలో 14 కిలోమీటర్లు తిరిగొచ్చి చూస్తే 40 మి.మీ. కిందికి జారి వేలాడుతోంది. బెల్టు వేశాక జారడం ఆగింది గానీ కేబుల్ మాత్రం వదులే.

మొదట వించ్ డ్రమ్ము వెనక్కి తిరిగి కేబుల్ బయటికి వస్తోందనుకున్నాను. కేబుల్ డ్రమ్ము నుంచి బయటికి వచ్చే చోట తెల్ల పెయింటుతో గీత పెట్టి వెళ్లాను. తిరిగొచ్చాక గీత అక్కడే ఉంది. అంటే డ్రమ్ము వెనక్కి తిరగలేదు.

తర్వాత అనుమానం రిమ్ మధ్య కంత మీదికి పోయింది. కొత్త రిమ్ కంత పాతదానికంటే 4 మి.మీ. పెద్దది, దాన్ని పట్టుకునే పళ్లెం అందులో ఓ పక్కకి ఒరుగుతోంది. లేత్ మీద ఓ రింగు చేయించి వేశాను. శబ్దం కొంచెం తగ్గింది. కేబుల్ మళ్లీ వదులే.

గాలి తగ్గించి పెట్టమని చాలామంది అంటారు. 12 పీఎస్ఐకి తగ్గించి చూశాను. బరువు మీద లేని టైరు గాలి తగ్గితే చిన్నది కాదు, మెత్తబడుతుందంతే. బిగించేటప్పుడు సులువుగా ఒదిగింది, దారిలో అంతే సులువుగా కదిలింది. అయినా చక్రం మార్చాల్సిన వేళ కంప్రెసర్ పెట్టి స్టెప్నీకి గాలి కొట్టుకుంటూ కూర్చోవడం నాకు నచ్చని పద్ధతి. మళ్లీ 35కి కొట్టేశాను.

అసలు తప్పు నేను చేసిన ర్యాంపు పరీక్షలో ఉంది. టైరు ముందంచుకీ డిఫ్ వెనక మూతకీ మధ్య పిల్లలు ఆడుకునే మట్టి ముద్దలు అతికించి, ఎడమ వెనక చక్రాన్ని బంప్ స్టాప్ (యాక్సిల్‌ని ఇంకా పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా ర్యాంపు ఎక్కించాను. చదునైన నేల మీద 70 మి.మీ. ఉన్న ఖాళీ ర్యాంపు మీద 52 అయింది. బోలెడంత ఉందని సంబరపడ్డాను. కానీ ఒక చక్రం పైకెక్కితే రెండోది కిందికి దిగుతుంది, మధ్యలో ఉన్న డిఫ్ పెద్దగా లేవదు. గుంటలో రెండు చక్రాలూ ఒకేసారి నొక్కుకున్నప్పుడు లేస్తుంది, పూర్తిగా లేస్తుంది!

నిన్న డిఫ్ మూత మీద బురద కడిగితే రూపాయి బిళ్లంత మేర పెయింటు పోయి నల్లటి రబ్బరు మరక కనిపించింది. అంటే డిఫ్ పైకొచ్చి స్టెప్నీని గుద్దుతోంది, ఆ 'దబ్' అదే. వెంటనే ఛాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టి, రెండు స్ప్రింగులూ తీసేసి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పి, డిఫ్ కింద జాకీ పెట్టి రెండు బంప్ స్టాప్‌లూ తగిలేదాకా సమానంగా లేపాను. బ్రేక్ హోస్ మీద ఓ కన్నేసి ఉంచాను. మట్టి ముద్ద అప్పడంలా అయిపోయింది. టైరు 9 మి.మీ. వెనక్కి జరిగింది. అలా జరిగి పళ్లెం మీద కూర్చున్న చోటు తప్పుతోంది, కేబుల్ బిగువు అక్కడే పోతోంది. ఇది జాకీతో మెల్లగా లేపితేనే. వేగంగా గుంటలో పడితే బంప్ స్టాప్ రబ్బరు కూడా నలిగి డిఫ్ ఇంకా పైకి వస్తుంది.

పాత టైరైతే వ్యాసార్ధం 27 మి.మీ. తక్కువ కాబట్టి ఇదే చోట 18 మి.మీ. ఖాళీ మిగిలేది. ఆ ఖాళీని నేనే తినేశాను. రెండంగుళాల లిఫ్ట్ వేశాను కదా, చోటు పెరిగింది కదా అన్న ధీమా కూడా నన్ను తప్పుదారి పట్టించింది. లిఫ్ట్ వల్ల బండి నిలబడే ఎత్తు మారుతుంది. బంప్ స్టాప్ మార్చనంత కాలం యాక్సిల్ పైకి వచ్చి ఆగే చోటు మాత్రం మారదు.

బీఎఫ్‌గుడ్రిచ్ కేఓ2 వాడేవాళ్లకి ఒక మాట. నాకు చాలా ఇష్టమైన టైరు, భుజాల మీది ఆ గడ్డలు రాళ్ల మధ్య గొప్పగా పనిచేస్తాయి. కానీ ఖాళీ కొలిచేటప్పుడు సైడ్‌వాల్ నుంచి కాకుండా ఆ గడ్డల అంచు నుంచి టేపు పెట్టండి.

ఇప్పుడు వించ్‌ని వెనక్కి జరపాలి. టైరు వెనకంచుకీ టో హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) అడ్డపట్టీకీ మధ్య 33 మి.మీ. మాత్రమే ఉంది. 30 జరిపితే ముందు 21 మి.మీ. ఖాళీ వస్తుంది, వెనక 3 మిగులుతుంది. అది చాలదు. అందుకే హిచ్ తీసేస్తున్నాను, అది బోల్టులతో ఉన్నదే. అప్పుడు 45 జరపొచ్చు, ముందు 36 వస్తుంది. ఛాసిస్ పట్టీల మీద వెల్డింగ్ వద్దు. 8 మి.మీ. ప్లేటుకి కొత్త కంతలు వేసి బోల్టులతోనే బిగిస్తాను. బండి బురదలో దిగబడితే వెనక నుంచి లాగడానికి ఇన్నాళ్లూ హిచ్చే ఆధారం కాబట్టి ఛాసిస్ చివర్లకి రెండు రికవరీ హుక్కులు ముందే రావాలి.

బంప్ స్టాప్ కింద 15 మి.మీ. స్పేసర్ వేయాలా అన్నది ఇంకా తేలలేదు. చక్రం పైకి కదిలే దూరం (ట్రావెల్) పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ముందు ప్లేటు బిగించి, స్ప్రింగులు మళ్లీ తీసి, మట్టి ముద్ద ఎంత మందం మిగులుతుందో చూస్తాను. 25 మి.మీ. పైన ఉంటే స్పేసర్ లేకుండానే అదే 14 కిలోమీటర్ల దారికి వెళ్తాను.