ఎవరూ నవ్వించొద్దన్నాను

మేముండేది ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు. అక్కడి ఔత్సాహిక నాటక బృందం ఆస్కార్ వైల్డ్ రాసిన హాస్య నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’కి నన్ను దర్శకత్వం వహించమంది. చేతిలో పది వారాలు, వారానికి రెండు సాయంత్రాలు.

మొదట నేనొక పొరపాటు చేశాను. ఇప్పటివాళ్లకి దగ్గరవ్వాలని కథానాయకుడు జాక్ స్నేహితుడైన ఆల్జర్నన్ చేతిలో ఫోన్ పెట్టాను. రెండో వారానికే కథ కూలిపోయింది. జాక్ పల్లెలో ఒక పేరుతో, లండన్‌లో ఎర్నెస్ట్ అనే పేరుతో బతుకుతున్నాడంటే, ఇక్కడి మనిషి అక్కడేం చేస్తున్నాడో తెలిసే దారి లేకపోబట్టే కదా. ఫోనొస్తే మొదటి అంకంలోనే దొరికిపోతాడు. అన్నీ తీసేసి, నాటకం మొదట ఆడిన 1895కే వెళ్లిపోయాం.

అసలు కష్టం నవ్వుతో వచ్చింది. ఇందులో దాదాపు ప్రతి మాటా చమత్కారమే. నటులు ఒక్కో మాట అనేసి, నవ్వు కోసం ఆగి చూసేవారు. ఆగిన ప్రతిసారీ సీను చల్లారిపోయేది. ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను: నాటకం మొదలైన రెండు నెలల్లోపే, ఏప్రిల్‌లో, అప్పట్లో నేరమైన స్వలింగ సంబంధాల ఆరోపణ మీద వైల్డ్ అరెస్టయ్యాడు. ఆడుతున్న నాటకం పోస్టర్ల మీంచి ఆయన పేరే తీసేశారు. ఇద్దరు మనుషులుగా బతకడమంటే ఏమిటో ఆయనకి తెలుసు. మీరు చెప్పేది జోకని మీకు తెలియకూడదు, ఎవరూ నవ్వించొద్దు అన్నాను.

జాక్ పెళ్లాడాలనుకున్న అమ్మాయి తల్లి, ఆల్జర్నన్‌కి అత్త, లేడీ బ్రాక్నెల్. ఆవిడ జాక్‌ని ప్రశ్నలడిగే సీనుకే మూడు వారాలు పట్టింది. నాకైతే అది అచ్చంగా పెళ్లిచూపులు. వయసెంత, ఏడాదికి రాబడెంత, ఇల్లు ఏ వీధిలో, అమ్మానాన్నలెవరు? లండన్‌లో సంపన్నులుండే బెల్‌గ్రేవ్ స్క్వేర్‌లో ఇల్లున్నా ఆవిడకి చాలదు, వీధిలో ఏ వైపో కూడా కావాలి. మా పెద్దత్త సంబంధాలు ఎలా విచారించేదో చేసి చూపించాను. గొంతు పెంచేది కాదు, అడిగిందల్లా నోటుపుస్తకంలో రాసుకునేది. మనకిదేం పరాయి లోకం కాదు. విజయనగరంలో ‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడింది 1892లో. లండన్ సెయింట్ జేమ్స్ థియేటర్లో ఈ నాటకం మొదలైంది 1895 ఫిబ్రవరి 14న.

ఆ సీన్లోనే ‘హ్యాండ్‌బ్యాగ్’ అన్న మాట ఉంది. విక్టోరియా స్టేషన్లో పసిబిడ్డగా ఒక సంచిలో దొరికానని జాక్ చెప్పగానే ఆవిడ నోట వచ్చే మాట. ఈ నాటకాన్ని తీసిన 1952 సినిమాలో ఆ పాత్ర వేసిన ఈడిత్ ఎవాన్స్ దాన్ని సాగదీసి పలికిన తీరు ఇక్కడ చాలామంది చెవుల్లో ఉంది. మా నటి అరిచి చూసింది, గుసగుసగానూ అని చూసింది. చివరికి పెద్దత్త నోటుపుస్తకమే దారి చూపింది. ఆవిడ రాసుకోబోతుంది, పెన్సిల్ ఆగుతుంది. ఈ జవాబు ఎక్కడ రాయాలో తెలియని మనిషిలా, మెల్లగా, మామూలుగా అంటుంది. అంతే.

తిండి సంగతీ చెప్పాలి. మొదటి అంకంలో లేడీ బ్రాక్నెల్ వచ్చేలోపు ఆల్జర్నన్ దోసకాయ శాండ్‌విచ్‌లన్నీ తినేయాలి. రిహార్సల్లో రొట్టె గొంతులో అడ్డంపడి మాట రాలేదు. కీరాని పల్చగా తరిగి, ఉప్పు రాసి, నీరు పిండేసి, ఒక్క కొరుకుకి సరిపడా ముక్కలు కోశాం. ఏ మాట దగ్గర కొరకాలో, ఏ మాటకి ముందు మింగాలో స్క్రిప్టులో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాం.

మొదటి రోజు హాలు నిండింది. మొదటి పది నిమిషాలు పెద్దగా నవ్వుల్లేవు. తెర వెనక నా చేతులు చల్లబడ్డాయి. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ నవ్వు కోసం చూడలేదు. మూడో అంకంలో, ఇక వెళ్దామని లేచిన లేడీ బ్రాక్నెల్‌కి, ఆల్జర్నన్ పెళ్లాడాలనుకుంటున్న సెసిలీ పేరు మీద 1,30,000 పౌండ్లు ఉన్నాయని తెలుస్తుంది. మా నటి మొహంలో ఏమీ మారలేదు. గౌను సర్దుకుని, లేచిన కుర్చీలోనే మళ్లీ కూర్చోబోయింది. ఆవిడ ఇంకా పూర్తిగా కూర్చోకముందే హాలంతా నవ్వేసింది.