ఆదివారం తెల్లవారుజామున ఆగిపోయిన లాగ్

మా మిడిల్‌వేర్ లాగ్ (అది చేసే ప్రతి పనినీ లైన్ లైన్‌గా రాసుకునే ఫైల్) మానిటరింగ్ పని నిన్నటికి ఒక కొలిక్కి వచ్చింది. వారంలో అయిపోతుందని చెప్పి నెల తీసుకున్నాను.

ఆర్డర్ల సిస్టమ్ నుంచి బిల్లింగ్ సిస్టమ్‌కి మెసేజ్‌లు చేరవేయడం మా మిడిల్‌వేర్ పని. అది ఆగిపోతే బిల్లింగ్ వాళ్లు ఫోన్ చేసి తిట్టేదాకా మాకు తెలిసేది కాదు. లాగ్‌లో ఎర్రర్ పడగానే మెయిల్ వచ్చేలా ఏదైనా చెయ్యమన్నారు. సర్వర్ యాక్సెస్ రెండు రోజుల్లో వచ్చింది. స్క్రిప్ట్ ఒక పూట పని: ఫైల్ చివర పడే కొత్త లైన్లని చూపిస్తూ ఉండే టెయిల్ మైనస్ ఎఫ్, వాటిలో ఎర్రర్ అనే మాట ఉన్నవి ఏరే గ్రెప్, చివర మెయిల్. మెయిళ్లు ఆలస్యంగా ఒక్కసారే గుంపుగా వస్తుంటే, గ్రెప్‌కి లైన్ బఫర్డ్ ఆప్షన్ (పోగెయ్యకుండా ఏ లైన్‌కి ఆ లైన్ పంపేది) పెట్టాక సర్దుకుంది.

సోమవారం నుంచి శనివారం దాకా బ్రహ్మాండంగా నడిచింది. గురువారం కనెక్షన్ తెగితే బిల్లింగ్ వాళ్లకి నేనే ముందు ఫోన్ చేసి చెప్పాను. కాలర్ ఎగరేశాను, దాచడమెందుకు.

తర్వాతి సోమవారం పొద్దున కాల్‌లో బిల్లింగ్ మేనేజర్, "నిన్నటి నుంచి ఒక్క ఆర్డరూ రాలేదండీ" అన్నారు. "మా లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదండీ, మీ వైపే చూసుకోండి" అన్నాను, కాస్త విసుగ్గానే. ఆయన మళ్లీ అడిగితే స్క్రీన్ షేర్ చేసి మరీ చూపించాను. కాల్‌లో పదిహేను మంది ఉన్నారు. చేరి నెల కూడా కాని మా జూనియర్ అమ్మాయి మెల్లగా అడిగింది: "సార్, చివరి లైన్ ఆదివారం తెల్లవారుజామున 3.30ది. ఆ తర్వాత అసలు లైన్లే లేవు కదా?"

ఎర్రర్లు లేని మాట నిజమే. పని మామూలుగా నడుస్తుంటే పడే ఇన్ఫో లైన్లు కూడా లేవు. లాగే లేదు. నేను మ్యూట్ నొక్కేసి కూర్చున్నాను.

జరిగింది ఇది. లాగ్ ఫైల్ మరీ పెరిగిపోకుండా లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రామ్ వారానికోసారి పాత ఫైల్ పేరు మార్చి, కొత్త ఫైల్ పెట్టి, ఇక అందులో రాయమని మిడిల్‌వేర్‌కి సిగ్నల్ ఇస్తుంది. మిడిల్‌వేర్ కొత్త ఫైల్లో రాసుకుంటూ పోయింది. చిన్న ఎఫ్‌తో నడిచే టెయిల్ పేరుని కాదు, తెరిచిన ఫైల్‌నే పట్టుకుని ఉంటుంది. నా స్క్రిప్ట్ పాత ఫైల్ తోక పట్టుకుని రోజుకి పైనే కాపలా కాసింది. క్యాపిటల్ ఎఫ్ అయితే పేరుని చూసుకుని కొత్త ఫైల్‌కి మారేది. ఒక్క అక్షరం! సర్వర్ టీమ్‌ని అడిగితే, "ఈ ఫైల్ మార్పిడి, అదే రొటేషన్, ఎప్పటి నుంచో ఉందండీ, మీరు అడగలేదు" అన్నారు. మనం అడగాలంటే ముందు అది ఉందని తెలియాలి కదా. వాళ్లు చెప్తారని ఎదురుచూడకండి, రొటేషన్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ మీరే తెరిచి చదవండి.

ఇంకో దెబ్బ కొత్త ఫైల్ తెరిచాక తగిలింది. నిండా వార్నింగులు: రీట్రై (మళ్లీ పంపుతున్నా), రీట్రై, రీట్రై. ప్రయత్నాలు అయిపోయిన మెసేజ్‌లన్నీ డెడ్ లెటర్ క్యూలో, అంటే చేరని మెసేజ్‌లని పక్కన పెట్టే చోట, పడి ఉన్నాయి. ఎర్రర్ అనే మాట ఎక్కడా లేదు. అంటే నా స్క్రిప్ట్ సరైన ఫైల్ చూస్తున్నా పట్టుకునేది కాదు. తమాషా ఏంటంటే తప్పు నిజంగా బిల్లింగ్ వాళ్లదే, వాళ్ల సర్వర్ గుర్తింపుని రుజువు చేసే సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. కానీ ఆ మాట గట్టిగా అనే మొహం నాకప్పటికి లేదు.

ఇప్పుడు ప్రతి 5 నిమిషాలకి ఒక టెస్ట్ మెసేజ్ పంపుతున్నాం. దాని ఐడీ అవతలి లాగ్‌లో కనబడకపోతే అలారం మోగుతుంది. లాగ్‌లో పది నిమిషాలు ఏ లైనూ పడకపోయినా మోగుతుంది. రీట్రై వార్నింగులు ఒక్కసారిగా పెరిగినా, డెడ్ లెటర్ క్యూలో ఒక్క మెసేజ్ పడినా అంతే. ఈ టెస్ట్ మెసేజ్ ఆలోచన ఆ అమ్మాయిదే. రొటేషన్‌లో కాపీ ట్రంకేట్ (పేరు మార్చకుండా ఫైల్‌ని కాపీ చేసి, అసలు ఫైల్‌ని ఖాళీ చేసే పద్ధతి) పెడితే సరిపోతుంది కదా అని ఒకాయన సలహా ఇచ్చాడు. కాపీకి, ఖాళీ చెయ్యడానికి మధ్య రాసిన లైన్లు పోయే అవకాశం ఉంది, వద్దన్నాను.

మొన్న ఆదివారం అలారం పెట్టుకుని 3.25కి లేచాను. ఫైల్ మారింది, రెండు నిమిషాల తర్వాత టెస్ట్ మెసేజ్ కొత్త లాగ్‌లో పడింది. రొటేషన్ సమయం మారిస్తే మాకు ముందే చెప్పాలని సర్వర్ టీమ్‌కి పెట్టిన టికెట్ మాత్రం ఇంకా పెండింగ్‌లోనే ఉంది.