బీసీ-సి

నిన్న హాస్టల్ టెర్రస్ మీద ఇఫ్తార్. పాత పేపర్లు పరిచి ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, మిర్చి బజ్జీలు పెట్టుకున్నాం. తర్వాత సర్వమత చర్చ. నిజం చెప్పాలంటే మొదటి అరగంట బోర్. అన్ని మతాలూ ప్రేమనే చెబుతాయని వంతులవారీగా చెప్పుకున్నాం.

అప్పుడు గుంటూరు వైపు జూనియర్ ఒకడు ఫోన్‌లో తన కులం సర్టిఫికెట్ చూపించాడు. బీసీ-సి, అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను చేర్చిన బీసీ గ్రూపు. "మా తాత చర్చికి వెళ్లాడని మేం ఎస్సీలం కాదట అన్నా. మా ఇల్లు మాత్రం ఇంకా దళితుల పేటలోనే ఉంది."

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను ప్రధానంగా హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. పీజీ రెండో ఏడాదిలో ఉన్న నాకు ఇది నిన్ననే తెలిసింది, సిగ్గేసింది.

"చర్చిలో కులం ఉండదు కదా" అన్నారెవరో. వాడు నవ్వాడు. "మా ఊళ్లో రెండు చర్చిలు ఎందుకున్నాయో వచ్చి చూడండి."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. చేతిలో బజ్జీ చల్లారిపోయింది. వచ్చే శుక్రవారం మళ్లీ కూర్చుంటున్నాం, టాపిక్ వాడే చెబుతానన్నాడు.