పాత ఖాతాల తొలగింపు: సర్వర్ పని ఎంతవరకు వచ్చింది

సరదాగా నడుపుకుంటున్న డెబియన్ (ఒక లినక్స్ రకం) సర్వర్‌లో ఎవరూ వాడని యూజర్ ఖాతాలను తొలగించే పని చాలావరకు పూర్తయింది. ముందుగా ఖాతాల జాబితాలో యూఐడీ (ప్రతి ఖాతాకు ఉండే గుర్తింపు సంఖ్య) 1000, ఆ పైన ఉన్నవాటినే విడిగా రాసుకున్నాను. అంతకు తక్కువ సంఖ్యలు సిస్టమ్ సేవలవి కాబట్టి వాటి జోలికి పోలేదు. 65534తో కనిపించే నోబడీ అనేది కూడా మనుషుల ఖాతా కాదు.

వెంటనే తొలగించకుండా ముందు తాళం వేశాను. ఖాతా వివరాలు మార్చే యూజర్‌మాడ్ కమాండ్‌కు పెద్ద ఎల్ ఆప్షన్ ఇస్తే, పాస్‌వర్డ్ వివరాలుండే షాడో ఫైలులో హ్యాష్‌కు (పాస్‌వర్డ్ గుప్త రూపానికి) ముందు ఆశ్చర్యార్థకం చేరి పాస్‌వర్డ్ పనిచేయడం మానేస్తుంది గానీ, పాస్‌వర్డ్ లేకుండానే దూరం నుంచి లాగిన్ అవనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉన్నవారికి దారి తెరిచే ఉంటుంది. అందుకే ఖాతా గడువును కూడా 1కి మార్చాను. ఈ సంఖ్య 1970 జనవరి 1 తర్వాతి రోజుల లెక్క కాబట్టి, గడువు 1970 జనవరి 2నే ముగిసినట్టు అవుతుంది. ఆ తర్వాత ఆ ఖాతాల క్రాన్ పనులను (నిర్ణీత వేళకు వాటంతట అవే నడిచేవి) తీసేసి, వాటి పేరిట నడుస్తున్న ప్రాసెస్‌లను ఆపాను. ప్రాసెస్‌లు నడుస్తుండగా, ఖాతాను తీసేసే యూజర్‌డెల్ కమాండ్ తొలగించడానికి ఒప్పుకోదు.

అసలు శ్రమంతా ఫైళ్ల దగ్గరే. యూజర్‌డెల్‌కు చిన్న ఆర్ ఆప్షన్ ఇస్తే హోమ్ డైరెక్టరీ, మెయిల్ పెట్టె పోతాయి, మిగతా చోట్ల ఉన్న ఫైళ్లు మాత్రం అలాగే ఉండిపోతాయి. డిస్కు మీద ఫైలుకు యజమానిగా నమోదయ్యేది పేరు కాదు, సంఖ్య. ప్రయోగానికి సృష్టించిన ఒక ఖాతాను తీసేశాక, ఫైళ్లను చూపే ఎల్‌ఎస్ కమాండ్ జాబితాలో పేరు ఉండవలసిన చోట 1004 అని మాత్రమే కనిపించింది. కొత్త ఖాతా సృష్టించే యూజర్‌యాడ్ సాధారణంగా ఉన్నవాటిలో అతి పెద్ద సంఖ్యకు ఒకటి కలిపి కొత్త ఖాతాకు ఇస్తుంది కనుక, చివరి ఖాతాను తొలగించి మరొకటి సృష్టిస్తే, ఆ కొత్త వ్యక్తి అడగకుండానే పాత ఫైళ్లకు యజమాని అవుతాడు. అలాగే చేసి చూశాను, సరిగ్గా అదే జరిగింది.

కాబట్టి ఇప్పుడు తొలగించే ముందే ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌తో యూఐడీ ఆధారంగా వెతికి, అవసరమైన ఫైళ్లను టార్‌లో (అన్నిటినీ ఒకే ఫైలుగా కట్టేది) భద్రపరచి, మిగిలినవాటి యాజమాన్యాన్ని మారుస్తున్నాను. తొలగించాక నోయూజర్ షరతుతో, అంటే ఏ ఖాతాకూ చెందని ఫైళ్ల కోసం, మరోసారి వెతుకుతున్నాను. ఎక్స్‌డెవ్ ఆప్షన్ వాడితే వెతుకులాట ఒకే ఫైల్‌సిస్టమ్‌కు పరిమితమవుతుంది, అందువల్ల డేటా డిస్కును విడిగా చూడాలి. అడ్మిన్ అధికారాలు ఎవరికున్నాయో రాసే సుడోయర్స్ ఫైలులో పేరుతో రాసిన అనుమతులు వాటంతట అవి పోవు, వాటిని చేత్తోనే తీయాలి.

ఇక మిగిలింది ఒక బ్యాకప్ సేవ నడిచే ఖాతా. దాని సిస్టమ్‌డీ యూనిట్‌లో (సేవను ఎలా నడపాలో చెప్పే ఫైలులో) యూజర్ పేరును మార్చి, సేవ కొత్త ఖాతాతో సరిగా మొదలైందని చూసుకున్నాకే దాన్ని తొలగిస్తాను.